దరఖాస్తులో రైతు ఏడి?

నిరుడు మా జక్రాన్‌పల్లి వైపు పసుపు రైతుల సంఘం వాళ్ళు బాయిలరుకు గ్రాంటు కావాలని నాచేత దరఖాస్తు రాయించారు. "రైతే దేశానికి వెన్నెముక" అని మొదలుపెట్టి నాలుగు పేజీలు నింపాను. వివరాలు లేవని తిరిగొచ్చింది.

కోపంగా బాపుకు చూపించాను. "అండ్ల మన పసుపెంత పండుతదో రాసినవా? మిషను ఎవలు నడుపుతరు? ఖరాబైతే పైసలెక్కడియి?" అన్నాడు. ఒక్కదానికీ జవాబు లేదు. కొలతలు లేని ల్యాబు రికార్డు మీద సంతకం పడదని తెలిసిన నేనే రాసిన కాగితమది!

మిత్రులారా, గ్రాంటు దానం కాదు, ఒప్పందం. 2020లో కేంద్రం ప్రారంభించిన రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకమే చూడండి. మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది సభ్యులుండాలన్నారు. రైతు పెట్టిన వాటాధనానికి సమానంగా, మనిషికి 2,000 రూపాయల వరకు, సంఘానికి 15 లక్షల వరకు గ్రాంటు అన్నారు. అంటే ముందు అడిగేది "మీరెంత వేశారు?" అనే.

కనుక ఎంతమంది, ఎన్ని ఎకరాలు, ఎన్ని క్వింటాళ్ళు, ఇప్పటి ఖర్చెంత, మిషనొస్తే మిగిలేదెంత, మరమ్మతు ఎవరిది? ఇవి ఉంటే రెండు పేజీలు చాలు. రాసింది రచ్చకట్ట దగ్గర అందరికీ చదివి వినిపించాలి. తప్పుడు లెక్క అక్కడే దొరికిపోతుంది.

2019 ఎన్నికల్లో 170 మందికి పైగా రైతులు పోటీకి దిగి అడిగిన పసుపు బోర్డు 2025లో నిజామాబాదుకు వచ్చింది. ఆఫీసు వచ్చినంత మాత్రాన మన పని అయిపోదు. సైన్సు చదివే మనం సెలవుల్లో ఊరికొక లెక్కల కాగితం రాసివ్వలేమా?

మా సంఘం మళ్ళీ రాస్తోంది. ఈసారి కలం నాది, లెక్క బాపుది.