అడగని ప్రశ్నకి 'ఆర్' అని జవాబు

మెయిన్‌ఫ్రేమ్ మీద పనిచేసే మనవాళ్ళకి ఒక జబ్బుంది. రెక్స్ స్క్రిప్టులో ఏ కమాండైనా ఆగి ప్రశ్న అడిగిందంటే చాలు, దాని నోరెలా మూయించాలా అనే ఆలోచిస్తారు. అసలు అదెందుకు అడిగిందో ఎవరికీ అక్కర్లేదు!

రిసీవ్ కమాండ్ సంగతే తీసుకోండి. వచ్చిన ఫైలుని ఏ పేరుతో పెట్టాలో అడుగుతుంది. ఆ పేరుతో డేటాసెట్ ముందే ఉంటే, పాతదాని స్థానంలో కొత్తది పెట్టమంటారా అని ఇంకో ప్రశ్న వేస్తుంది. సరేనంటే 'ఆర్', వద్దంటే 'ఎండ్'. స్క్రిప్టులో ప్రాంప్ట్ ఆన్ చేసి, జవాబుల్ని క్యూతో డేటా స్టాక్‌లో వరసగా పెడితే కమాండ్ ఒక్కొక్కటే తీసుకుంటుంది. ఇంతవరకూ బానే ఉంది. కానీ మనవాళ్ళు పేరు తర్వాత "ఎందుకైనా మంచిది" అని ఒక 'ఆర్' కూడా పడేస్తారు.

ఇక చూడండి తమాషా. డేటాసెట్ ఉంటే, అందులో ఏముందో ఎవరూ చూడకుండానే పాతది పోతుంది. లేకపోతే రెండో ప్రశ్నే రాదు, 'ఆర్' స్టాక్‌లో మిగిలిపోతుంది. తర్వాత ఎక్కడైనా పుల్ ఉంటే అది దాన్నే మింగుతుంది. పుల్ లేకపోతే, స్క్రిప్టు అయ్యాక టీఎస్‌ఓ దాన్ని కమాండ్ అనుకుని నడపబోతుంది. మిగిలింది నిజంగానే ఒక కమాండ్ పేరైతే?

"ఆటోమేషన్ అంటేనే మనిషిని అడక్కుండా పనిచేయడం కదా" అంటారు. మాది తాండూరు. వికారాబాద్ నుంచి మా ఊరి మీదుగా వాడి వెళ్ళే రైలు మార్గం కవచ్ ట్రయల్స్ జరిగిన మార్గాల్లో ఒకటి. 2022 మార్చి 4న వికారాబాద్‌కి అవతల గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషన్ల మధ్య రెండు ఇంజన్లని ఎదురెదురుగా నడిపి చూపించారు. ఒకదాంట్లో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఉన్నారు. ఆ ఇంజన్ రెండోదానికి 380 మీటర్ల దూరంలో దానంతటదే ఆగింది. అదీ ఆటోమేషనే. డ్రైవర్ పట్టించుకోకపోతే అది బ్రేకేస్తుంది, "లైన్ ఖాళీగానే ఉంటుందిలే" అని ముందుకి తోయదు. మన 'ఆర్' చేసేది సరిగ్గా ఆ తోయడమే.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. ముందు సిస్‌డీఎస్ఎన్‌తో డేటాసెట్ ఉందో లేదో చూడండి. ఉంటే దాన్ని మార్చొచ్చా లేదా అన్న నిర్ణయం స్క్రిప్టులో పదిమందికీ కనబడేలా రాయండి. న్యూస్టాక్‌తో వేరే స్టాక్ తెరిచి, పేరు పెట్టి, దాని వెనక 'ఆర్' బదులు 'ఎండ్' పెట్టండి. అనుకోని ప్రశ్న వస్తే పని ఆగుతుంది, అంతే. తర్వాత రిటర్న్ కోడ్ చూడండి. క్యూడ్‌తో ఎన్ని జవాబులు మిగిలాయో లెక్కపెట్టండి. 'ఎండ్' మిగిలితే ఆ ప్రశ్న రాలేదని అర్థం. చివర్లో డెల్‌స్టాక్ కొడితే మిగిలిన చెత్తంతా పోతుంది.

"రాత్రి రెండింటికి జాబ్ ఆగితే లేచేదెవరు?" అంటారా? ఆన్‌కాల్‌లో నేనూ లేచేవాణ్ణే. ఆగిన జాబ్‌ని పది నిమిషాల్లో మళ్ళీ నడపొచ్చు. పోయిన డేటాసెట్‌కి బ్యాకప్ ఉందో లేదో వెతుక్కుంటూ తెల్లవారుతుంది. అందులో ఉండేది ఎవరిదో జీతమో, ఎవరిదో బ్యాంకు లెక్కో. నిద్ర చెడుతుందని వాళ్ళ తరఫున 'ఆర్' అనే హక్కు మనకెవరిచ్చారండీ?