దారి తెలిసినవాడికి జరిమానా

మా వారికి బదిలీ అయితే నాకు రెండుసార్లు జ్వరం వస్తుంది. సామాను కట్టేటప్పుడు ఒకసారి, విప్పేటప్పుడు ఒకసారి. మధ్యలో సామాను లారీలో ఉన్నంతసేపూ మాత్రం హాయిగా ఉండేదాన్ని. లారీ ఎక్కడుందో తెలియదు కనుక బెంగపెట్టుకోవడానికి వీలు లేదు. పోయినేడు ఆ హాయి కూడా పోయింది.

రాజమండ్రి నుంచి భద్రాచలం. ఆగస్టు నెల. మేం ముందుగా వచ్చి, ఖాళీ ఇంట్లో చాప వేసుకు కూర్చున్నాం. లారీ ఆఫీసువాళ్ళు మా వారి ఫోనుకి ఒక లింకు పంపారు. నొక్కితే మ్యాపు, మ్యాపు మీద ఓ నీలి చుక్క. ఆ చుక్కే మా లారీ. మంచాలూ, మా అమ్మ ఇచ్చిన ఇత్తడి గంగాళం, నిలువుటద్దం బీరువా, సగం రాసిన నా నవలా, అన్నీ ఆ చుక్కలోనే ఉన్నాయన్నమాట.

మ్యాపు గీసిన దారి రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు మీదుగా. చుక్క మాత్రం గోదావరి దాటేసి కొవ్వూరు వైపు మళ్ళింది. "వీడెక్కడికి పోతున్నాడోయ్!" అంటూ మా వారు లేచి నిలబడ్డారు. వెంటనే ఆఫీసుకి ఫోను. ఆఫీసువాళ్ళు డ్రైవరుకి ఫోను. అతను చెప్పింది ఇదీ: "రెండ్రోజులుగా వాన పడతా ఉంది సార్. సామాను ఎత్తుగా కట్టాం. రాత్రిపూట ఈ లోడుతో ఆ ఘాట్ మలుపులు నేను దిగను. దిగినా చింతూరు కాడ శబరి పొంగితే రోడ్డు మునుగుద్ది. జంగారెడ్డిగూడెం, అశ్వారావుపేట మీద నుంచి వచ్చేస్తా."

వచ్చాడు. గోదావరిని రెండుసార్లు దాటి, తెల్లవారేసరికి గుమ్మంలో ఉన్నాడు. యాభై దాటిన మనిషి. బీరువా అద్దం మీద గీత కూడా పడలేదు. సామాను దింపాక మంచినీళ్ళడిగి తాగుతూ, చెప్పకుండా దారి మార్చినందుకు తన డబ్బుల్లో ఎనిమిది వందలు కోస్తున్నారని చెప్పాడు. దెప్పినట్టు కాదు, వార్త చెప్పినట్టు. మా వారు ఫోను చేసి ఉండకపోతే ఆ కోత ఉండేది కాదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం గంగాళం ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తున్నట్టు నటించాం.

అప్పటినుంచీ జీపీఎస్ అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. కోపం యంత్రం మీద కాదు. ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఆ ఉపగ్రహాలు అమెరికా సైన్యం తన అవసరం కోసం పెట్టుకున్నవి. మామూలు జనానికి అందే సంకేతాన్ని కావాలని మసక చేసే పద్ధతిని 2000 మే నెలలో మానుకున్నారు. వాటివల్ల మనకి తెలిసేది ఒకే ఒక్క సంగతి, భూమ్మీద మనం ఎక్కడున్నామో. ముందున్న వంతెన నిలిచి ఉందో కొట్టుకుపోయిందో వాటికేం తెలుసు? అది మ్యాపుకి తెలియాలి. మ్యాపుకి ఎవరో ఒక మనిషి చెప్పాలి. 2024 నవంబరులో బరేలీ దగ్గర ఏం జరిగిందో మీరూ చదివే ఉంటారు. వరదకి కొంత భాగం కొట్టుకుపోయిన రామ్‌గంగ వంతెన మీద నుంచి కారు నదిలో పడి ముగ్గురు చనిపోయారు. ఫోను చూపిన దారినే వచ్చారన్నారు. అక్కడ సరైన అడ్డు పెట్టలేదని ఇంజనీర్ల మీద కేసు కూడా పెట్టారు. అయినా ఆ రోజు మా ఇంటికి వచ్చినవాళ్ళంతా అన్నమాట ఒక్కటే: "కళ్ళు లేవుటండీ వాళ్ళకి?"

చూశారూ తమాషా! మ్యాపు మాట విని నదిలో పడితే కళ్ళు లేనివాడు. వినకుండా నదిని తప్పించుకుని వస్తే పొగరుబోతు, ఎనిమిది వందలు కోత. మరి ఆ మనిషిని ఏం చెయ్యమంటారు? మనకిది కొత్త కాదులెండి. కూర కుదిరితే వంకాయలు లేతవి, కుదరకపోతే ఆవిడకి వంట రాదు.

లండన్‌లో టాక్సీ నడిపేవాళ్ళు పరీక్ష పాసవ్వాలంటే పాతికవేల వీధుల దాకా బుర్రకెక్కించుకోవాలి. అందుకు మూడు నాలుగేళ్ళు పడుతుంది. ఎలినార్ మెగ్వైర్ అనే శాస్త్రవేత్త వాళ్ళ మెదళ్ళని స్కానింగ్ తీసి చూశారు. దారుల జ్ఞాపకానికి పనికొచ్చే భాగం వెనకవైపు వాళ్ళలో పెద్దదిగా ఉందని 2000లో ప్రకటించారు. తర్వాత 2006లో బస్సు డ్రైవర్లతో పోల్చి చూస్తే, రోజూ ఒకే రూటులో తిరిగే ఆ బస్సువాళ్ళలో ఆ తేడా కనిపించలేదట. వాళ్ళూ స్టీరింగే తిప్పుతారు, అదే ఊళ్ళో తిప్పుతారు. ఎటు తిప్పాలో ఆలోచించే పని మాత్రం వాళ్ళకి లేదు. మన లారీ డ్రైవరు దగ్గర నుంచి మనం లాక్కుంటున్నది సరిగ్గా ఆ పనినే.

క్లీనరు సంగతి చెప్పనివ్వండి. నా చిన్నప్పుడు ప్రతి లారీలోనూ ఓ కుర్రాడుండేవాడు. వెనక్కి తీసేటప్పుడు తలుపు మీద దబదబా కొట్టి "రైట్, రైట్" అని అరిచేవాడు. టీ కొట్టు దగ్గర దిగి ముందు రోడ్డెలా ఉందో కనుక్కొచ్చేవాడు. ఎదురొచ్చే లారీ వాడు చెయ్యెలా ఊపితే ఏమిటో, రోడ్డు మీద పచ్చికొమ్మ పడేసి ఉంటే ఏమిటో పక్క సీట్లో కూర్చుని నేర్చుకుని, కొన్నేళ్ళకి తనే డ్రైవరయ్యేవాడు. ఇప్పుడు చాలా లారీల్లో ఆ సీటు ఖాళీ. "ఫోనుందిగా, క్లీనరెందుకు?" అంటారు. ఫోను టీ కొట్టు దగ్గర దిగుతుందా?

మా వీధిలో నాలుగు లారీలున్న బాబాయిగారొకరు నా ధోరణి విని నవ్వారు. "అమ్మాయ్, నువ్వు నవలలు రాస్తావు, నేను డీజిలు పోయిస్తాను. వాళ్ళ ఇష్టానికి వదిలేస్తే ప్రతివాడూ అత్తారింటి మీదుగానే పోతాడు" అన్నారు. పోతారేమో. లారీ దొంగతనం జరిగితే ఆ చుక్కే పట్టిస్తుందన్నారు, ఒప్పుకున్నాను. భాష రాని ఊళ్ళో అర్ధరాత్రి డ్రైవరుకి ఫోనే దిక్కన్నారు, అదీ ఒప్పుకున్నాను. కానీ స్కూటరు మీద వెళ్ళేవాడు చూసుకునే మ్యాపునే లారీవాడి చేతిలోనూ పెడుతున్నారే, దానికి ఈ బండి ఎత్తెంతో, లోడెంతో తెలుసా బాబాయిగారూ? తెలిసిన మ్యాపులు వేరే ఉన్నాయి, కొనిపెట్టండి. అది ఖర్చంటారా, అయితే ఆ తెలివి ఉన్న మనిషి మాట వినండి. చుక్క పక్కకి జరిగిందని డబ్బు కొయ్యబోయే ముందు ఎందుకు జరిగిందో అడగండి. అతను చెప్పిన కారణం కాగితం మీద రాయండి. అత్తారింటికి వెళ్ళినవాడెవడో అందులో మీకే తెలుస్తుంది. ఆయన ఏమీ అనలేదు. కాఫీ బాగుందన్నారు.

అయినా బాబాయిగారిని అని ఏం లాభం? లింకు చేతిలో పెట్టుకు కూర్చున్నది మనం. పార్సిలు తెచ్చే కుర్రాడి చుక్క రెండు నిమిషాలు ఆగితే చాలు, "ఎక్కడ చచ్చాడో" అని ఫోను చేసేది మనమే. వాడు గొయ్యి తప్పించుకుంటున్నాడో, పంక్చరు వేయించుకుంటున్నాడో ఆ చుక్కలో కనబడదు.

వారం రోజులు మా ఇంట్లో ఆ ఎనిమిది వందల మాట ఎవరూ ఎత్తలేదు. ఎనిమిదో రోజున మా వారే, నేను అడక్కుండానే, డబ్బు పంపిద్దామని ఆ ఆఫీసుకి ఫోను చేశారు. అతను పని మానేశాడనీ, కొత్త నంబరు తమ దగ్గర లేదనీ చెప్పారు. బీరువా పడగ్గదిలో ఉంది. పొద్దున్నే ఆ అద్దం ముందు నిలబడే నేను బొట్టు పెట్టుకుంటాను.