గోడ అవతలి ఎండ

"వెనకంతా యూనివర్సిటీ సార్. ఇంకో వందేళ్లకైనా బిల్డింగు లేవదు. గాలికీ వెలుతురుకూ ఢోకా లేదు." హైదరాబాద్‌లో గానీ తిరుపతిలో గానీ విశాఖలో గానీ, క్యాంపస్ ప్రహరీని ఆనుకున్న ప్లాటు అమ్మే బ్రోకరు అప్పజెప్పే పాఠం ఇది. ఆ మాట చెప్పి గజానికి కాస్త ఎక్కువే లాగుతాడు. కొన్నవాడూ దాన్ని నమ్మే కొంటాడు. తీరా దస్తావేజు తీసి చూస్తే ఆ గాలీ వెలుతురూ ఎక్కడా కనపడవు. హద్దుల దగ్గర, పడమర: యూనివర్సిటీ భూమి, అని ఒక ముక్క ఉంటుంది. అంతే.

అందుకే గోడ అవతల జేసీబీ మోత వినపడగానే కాలనీ వాట్సాప్ గ్రూపు భగ్గుమంటుంది. సోలార్ ప్లాంటట. రేడియేషనట, వేడట, మెరుపుకు కళ్లు పోతాయట, ఇక ఇల్లు అమ్మినా ఎవడూ కొనడట. తమాషా ఏమిటంటే ఈ గొంతుల్లో కొన్ని పీఎం సూర్యఘర్ కింద 78,000 రూపాయల సబ్సిడీ తీసుకుని మేడ మీద మూడు కిలోవాట్లు బిగించుకున్నవాళ్లవే. తమ నెత్తి మీది ప్యానెల్‌కు లేని రేడియేషన్ గోడ అవతలి ప్యానెల్‌కు ఎలా వచ్చిందని అడిగి చూడండి, గ్రూపులోంచి తీసేస్తారు.

నా మాట ముందే చెప్పేస్తాను. యూనివర్సిటీలు తమ నేల మీద సోలార్ పెట్టుకోవడానికి నేను అనుకూలం. పక్కింటివాడు భయపడాల్సింది ప్యానెల్‌ను చూసి కాదు. ప్యానెల్ కింద నేలను ఏం చేస్తారు, ఆ నేల మీద ఎవరికి ఏ కాగితం రాసిస్తారు, ఈ రెండూ చూసి. గ్రూపులో ఈ రెండింటి ఊసే ఉండదు.

మెరుపు సంగతి చూద్దాం. ప్యానెల్ వెలుతురును ఎంత మింగితే అంత కరెంటు. తిప్పి పంపిన వెలుతురు పెట్టినవాడికే నష్టం. గాజుకు మెరుపు తగ్గించే పూత వేసేది అందుకే. కొచ్చి విమానాశ్రయం 2015 ఆగస్టులో 45 ఎకరాల్లో 12 మెగావాట్ల ప్లాంట్ పెట్టింది. ఇన్నేళ్లుగా పైలట్లు ఆ పక్కనే విమానాలు దించుతున్నారు. అలాగని భయం పూర్తిగా ఉత్తదేమీ కాదు. పొద్దున, సాయంత్రం సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు ఏటవాలుగా తగిలే కాంతిని ఏ గాజైనా ఎక్కువే తిప్పికొడుతుంది. ఏ నెలలో, ఏ వేళకు, ఏ అంతస్తు కిటికీకి అది తగులుతుందో ముందే లెక్కగట్టే సాఫ్ట్‌వేర్లున్నాయి. అడిగితే లెక్కవేసి చూపిస్తారు, అడక్కపోతే వేయరు. మోత కూడా అంతే. ఇన్వర్టర్ ఫ్యాన్లు పొద్దుగూకితే ఆగిపోతాయి, ట్రాన్స్‌ఫార్మర్ జుమ్మనడం మాత్రం రాత్రిళ్లూ ఉంటుంది. దాన్ని గోడవార కాకుండా స్థలం నడిమధ్యలో పెట్టించుకుంటే సరి. కేబుల్ ఖర్చు కాస్త పెరుగుతుందని కాంట్రాక్టరు గొణుగుతాడు. గొణగనివ్వండి.

వేడి దగ్గర కొంచెం ఆగాలి. 2016లో అరిజోనాలో చేసిన ఒక పరిశోధనలో, రాత్రిపూట సోలార్ ప్లాంట్ లోపలి గాలి దగ్గరి ఎడారి నేల మీది గాలికన్నా 3, 4 డిగ్రీలు వెచ్చగా ఉందని తేలింది. ఇది చదివి 'చూశారా, చెప్పాం కదా' అనేవాళ్లున్నారు. ఆ ప్లాంట్‌లో మొక్కా మోడూ పీకేసి నేల చదును చేశారు. చెమ్మ విడిచే ఆకు లేకపోతే ఏ నేలైనా కాగుతుంది. అదే పరిశోధకుడు తన బృందంతో తర్వాత ప్యానెళ్ల కిందే మిరప, టమాటా వేసి చూశాడు. 2019లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం చిల్టెపిన్ అనే అడవి మిరపకు కాపు మూడింతలైంది, చెర్రీ టమాటాకు రెట్టింపైంది. పైగా మొక్కల చలువకు ప్యానెళ్లూ చల్లబడ్డాయి. ఇది ఉత్త ముచ్చట కాదు. సిలికాన్ ప్యానెల్ 25 డిగ్రీలు దాటి వేడెక్కే ప్రతి డిగ్రీకీ ఇంచుమించు 0.4 శాతం చొప్పున కరెంటు తగ్గిస్తుంది. రోహిణి కార్తెలో మనం అల్లాడినట్టే అదీ అల్లాడుతుంది. కొచ్చిలోనూ ప్యానెళ్ల మధ్య కూరగాయలు పండిస్తున్నారు. మన దగ్గర మాత్రం చెట్టూ చేమా కొట్టి, మొరం తోలి, రోలర్ తిప్పడమే 'సైట్ రెడీ' చేయడం. మొలిచిన గడ్డి మీద మందు కొట్టడం ఆ తర్వాతి పని. గోడ ఇవతల పిల్లలు ఆడుకుంటుంటే ఆ మందేమిటో అడిగే హక్కు మనకుంది.

అన్నిటికన్నా పెద్దది, ఎవరూ మాట్లాడనిది వాన నీళ్లు. ఒక మెగావాట్‌కు నేల మీద నాలుగైదు ఎకరాలు కావాలి. ఇప్పటి సైజు ప్యానెళ్లయితే 1,800 పైచిలుకు పడతాయి, ఒక్కోటి రెండున్నర చదరపు మీటర్ల గాజు. ఐదు మెగావాట్లంటే దాదాపు ఆరెకరాల గాజు కప్పు. దాని మీద ఒక్క అంగుళం వాన పడితే ఆరు లక్షల లీటర్లు. ఆ నీళ్లు ఎలాగూ ఆ నేల మీదే పడేవి కదా అనొచ్చు. పడేవి, కానీ ఎకరాల మేర పరుచుకుని పడేవి. ఇప్పుడు ప్రతి వరుస కింది అంచు నుంచీ ఒకే గీత మీద ధారగా పడతాయి. పెంకుటింటి చూరు కింద గుంటలు పడ్డట్టు వరుస పొడవునా నేల కోసుకుపోతుంది. తుప్పలూ గడ్డీ ఉంటే పట్టుకునేవి. రోలర్ తిప్పిన మొరం పట్టుకోదు. అప్పుడు ఎర్రనీళ్లు ప్రహరీ అడుగున వదిలిన కంతల్లోంచి కాలనీలోకి దిగుతాయి, సెల్లార్‌లో నిలబెట్టిన కార్ల టైర్లు మునుగుతాయి. డ్రైనేజీ మనది కాదని యూనివర్సిటీ, భూమి మాది కాదని మునిసిపాలిటీ అంటాయి. గోడ పక్క ఇళ్లవాళ్లకు ఈ జవాబులు కొత్త కాదు. వరుసల మధ్య గడ్డి, వాలుకు అడ్డంగా కట్టలు, పల్లంలో ఇంకుడు గుంటలు ప్లానులో ఉన్నాయో లేవో మొదటి స్తంభం దిగకముందే చూసుకోవాలి.

అమెరికాలో మనవాళ్ల పిల్లలు చాలామంది చదివే ఇల్లినాయ్ యూనివర్సిటీలో, అర్బానా-షాంపేన్‌లో, ఇలా నేల మీద సోలార్ పెట్టడం రెండుసార్లు జరిగింది. 2015లో విండ్సర్ రోడ్డు పక్కన దాదాపు 21 ఎకరాల్లో మొదటిది వచ్చింది. 2021లో సావోయ్ ఊరి దగ్గర 54 ఎకరాల్లో 12 మెగావాట్ల రెండోది మొదలైంది. ఈ రెండో దాంట్లో ప్యానెళ్ల కింద తేనెటీగలూ సీతాకోకచిలుకలూ వాలే పూల మొక్కల విత్తనాలు చల్లారు. ఏటా రెండు కోట్ల యూనిట్ల దాకా వస్తాయని లెక్క. కానీ అక్కడ ప్యానెళ్లు దిగింది మొక్కజొన్న పండే బల్లపరుపు నేలలో. మనకు బండరాళ్లు, తుప్పలు, వాటి మధ్య నెమళ్లు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వైపు ఒకసారి నడిచినవాళ్లకు ఈ తేడా చెప్పక్కర్లేదు. చుక్కల జింకలు, నక్షత్ర తాబేళ్లు తిరిగే నేలను లెక్కల్లో బీడు అని రాసి ప్యానెళ్లు పరిస్తే అది పచ్చదనం పేరుతో పచ్చదనాన్ని నరకడమే అవుతుంది.

కాలనీవాళ్ల అనుమానానికి అసలు వేరు ఇక్కడుంది. 2024 మొదట్లో రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం భూమిలో వందెకరాలు హైకోర్టు కొత్త భవనాలకు కేటాయించారు, విద్యార్థులు రోడ్డెక్కారు. 2025 మార్చి ఆఖర్లో సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి. ఆ భూమి తనదేనని ప్రభుత్వం వాదించింది. చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఏప్రిల్‌లో ఆపించింది. ఉస్మానియా భూములు చుట్టుపక్కల బస్తీల్లో, రోడ్లలో ఎలా కరిగిపోయాయో తార్నాక, అడిక్‌మెట్ వైపు పాతకాపులను అడిగితే వరస పెట్టి చెబుతారు. ఇంత చూసినవాడు క్యాంపస్‌లో సర్వే రాయి కనపడితే ఉలిక్కిపడటంలో వింతేముంది?

అయితే యూనివర్సిటీ భూమి మీద కన్నేసిన వాటన్నిటిలోకీ తిరిగి తీసేయగలిగింది సోలార్ ఒక్కటే. ఐటీ పార్కు వస్తే పోదు, కోర్టు భవనం వస్తే పోదు. ప్యానెళ్లకైతే నేలలో ఇనుప స్తంభాలు దిగేస్తారు, పాతికేళ్ల తర్వాత పెరికేయొచ్చు. ఈలోగా కంచె, కాపలా ఉంటాయి గనుక అక్కడ రాత్రికి రాత్రి షెడ్డు లేవదు. యూనివర్సిటీ భూమి యూనివర్సిటీ చేతిలోనే ఉండాలని నిజంగా కోరుకునే పక్కింటివాడు ఈ ముక్క కాస్త ఆలోచించాలి.

ముందు మేడలు నింపండి, తర్వాత నేల సంగతి చూద్దాం అనేది న్యాయమైన మాటే. హాస్టళ్ల పైకప్పులు, లైబ్రరీ, పరిపాలనా భవనం, బైకుల స్టాండు ముందు కావాలి. కానీ క్యాంపస్ మేడ ఎక్కి చూసినవాళ్లకు తెలుసు, నీళ్ల ట్యాంకులు, ఏసీ డబ్బాలు, పైపులు పోను చోటెంత మిగులుతుందో. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ లాంటి కట్టడం నెత్తిన ప్యానెళ్లు పెడతామంటే నేనే ధర్నాకు వస్తాను. పార్కింగ్ మీద ఎత్తుగా షెడ్డు వేసి పెట్టొచ్చు గానీ ఇనుము ఖర్చు బాగా పెరుగుతుంది. కాబట్టి కొంత నేల మీదికి రాక తప్పదు. ఎక్కడికి అన్నదే బేరం. ఇప్పటికే చదునై పాడుపడ్డ చోటుందా, పాత క్వార్టర్లు కూలగొట్టిన చోటుందా, అవి ముందు.

ఇక కాగితం. చాలా చోట్ల యూనివర్సిటీ పైసా పెట్టదు. ప్రైవేటు కంపెనీ ప్లాంట్ కట్టి, పాతికేళ్లపాటు ఒప్పుకున్న రేటుకు కరెంటు అమ్ముతుంది. స్థలం యూనివర్సిటీ ఇస్తుంది. స్థలం ఎలా ఇచ్చారన్నదే ప్రాణం. వాడుకునే అనుమతి వేరు, లీజు వేరు, ఆ లీజును బ్యాంకులో కుదువ పెట్టుకునే వీలు మరీ వేరు. మే నెలలో ఎండ మండుతుంటుంది, హాస్టళ్లు ఖాళీ, ల్యాబులకు తాళాలు. ఆ నెల యూనిట్లు డిస్కంకు పోతే డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? కరెంటు మొత్తం క్యాంపస్‌కేనా, బయటివాళ్లకూ అమ్ముకునే వీలుందా? ఉంటే అది యూనివర్సిటీ ప్లాంట్ కాదు, యూనివర్సిటీ భూమిలో ఎవరిదో వ్యాపారం. ప్రభుత్వ విశ్వవిద్యాలయం గనుక ఆ ఒప్పందాన్ని సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి అడగొచ్చు. రేడియేషన్ మీద వంద ఫార్వర్డులు పంపే బదులు కాలనీ సంఘం ఆ ఒక్క దరఖాస్తు పెట్టాలి.

కాగితం చేతికొస్తే చివరి పేజీల్లో వెతకాల్సింది ఒకటుంది. పాతికేళ్లు నిండాక ప్యానెళ్లు ఎవరు విప్పుతారు, స్తంభాలు ఎవరు పెరుకుతారు, పగిలిన గాజు ఎక్కడికి పంపుతారు? పాత ప్యానెళ్లు 2022 ఈ-వ్యర్థాల నిబంధనల కిందికి వస్తాయి, చెత్తకుండీలో పారేయడానికి లేదు. ఆనాటికి కంపెనీ ఉంటుందో లేదో, ఇప్పటి వైస్ చాన్సలర్ అయితే ఉండరు. ఆ ఖర్చుకు సరిపడా డిపాజిట్ ఇప్పుడే యూనివర్సిటీ పేర బ్యాంకులో పడాలి. ఒప్పందంలో ఆ షరతు లేకపోతే సంతకం ఆపమని అడగడానికి కాలనీవాళ్లతో పాటు అధ్యాపకులూ విద్యార్థులూ కలిసి రావాలి.