ఏది నిలిస్తే అదే పథ్యం

నిరుడు ఉగాదినాడు మా ఇంట్లో జరిగిన ఒక సంగతితో మొదలుపెడతాను. చిన్న సంగతే. ఆనాడు మాత్రం నాకు చిన్నగా తోచలేదు.

మా కోడలికి అప్పుడు రెండో నెల, తొలిచూలు. పండుగ కదా అని తెల్లవారుజామునే లేచి బొబ్బట్లు, పులిహోర, మామిడికాయ పప్పు, గారెలు, పాయసం చేశాను. ఇంగువ పోపు ఘుమఘుమ వీధి గుమ్మం దాకా పోయింది. అది సోకగానే కోడలు స్నానాలగదిలోకి పరుగెత్తింది. భోజనాల వేళకు ఎలాగో వచ్చి కూర్చుని, ఉగాది పచ్చడి మాత్రం మూడు చెంచాలు తిని, “ఇంకొంచెం ఉందా అత్తయ్యా?” అని అడిగింది. బొబ్బట్టు వంక చూడనైనా చూడలేదు. “రెండు ప్రాణాలకు తినాలమ్మా, కడుపులో పిల్ల ఆకలితో ఉంటుంది” అంటూ నేనే ఒక బొబ్బట్టు తుంచి, నెయ్యి అద్ది, నోటికి అందించాను. కాదనలేక మింగింది. పది నిమిషాలు తిరక్కముందే అంతా బయటికి వచ్చేసింది, పచ్చడితో సహా.

ఒక్క పచ్చడే అయితే నిలిచేదేమో. నా బొబ్బట్టు దాన్ని కూడా వెంట తీసుకుపోయింది. ఆ పూట నేను మొహం ముడుచుకుని వంటింట్లో కూర్చున్నాను. పిల్ల వాంతి చేసుకున్నదన్న బాధ కంటె, నా వంట వాంతి చేసుకున్నదన్న బాధే నాలో ఎక్కువగా ఉన్నదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఈ టపా రాయడానికి కారణం ఆ ఒప్పుకోలే.

మూడు వారాలు గడిచాయి. ఒకనాడు ఉదయం నుంచి ఆమెకు గుక్కెడు నీళ్లయినా నిలవలేదు. యాభైనాలుగు కిలోల పిల్ల అప్పటికి యాభైకి దిగింది. మా వాడు ఆస్పత్రికి పోదామంటే, “వేవిళ్లకు ఆస్పత్రేమిట్రా, మేమందరం పడలేదూ?” అన్నది నేనే. మర్నాటికి ఆమె మంచం మీంచి లేవబోయి కళ్లు తిరిగి కూలబడింది. ముందురోజు సాయంత్రం నుంచి మూత్రమే రాలేదట. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఆస్పత్రిలో రెండు రోజులు సెలైను ఎక్కించారు, బి1 విటమిన్ ఇచ్చారు, వాంతులు ఆగే మందు ఇచ్చారు. ఆ ఒక్కరోజు ఆలస్యం నా మాట వల్ల జరిగింది.

అక్కడి డాక్టరమ్మ నన్ను, “ఇంట్లో ఏం పెడుతున్నారమ్మా?” అని అడిగింది. పాలు, పళ్లు, పప్పు, నెయ్యి, ఆకుకూర, నానబెట్టిన బాదంపప్పులు అని నేను కాస్త గర్వంగానే ఏకరువు పెట్టాను. అంతా విని ఆవిడ, “వీటిలో ఏది నిలిచింది?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పెట్టినవన్నీ గుర్తున్నాయి, నిలిచినదేదో నేను గమనించనే లేదు.

వేవిళ్ల మనిషి ఏం తినాలని ఎవరైనా అడిగితే ఇవాళ నేను చెప్పే సమాధానం ఒక్కటే. ఏది నిలిస్తే అది. ఇది బాధ్యత తప్పించుకునే మాట కాదని రుజువు చేయడానికి ప్రయత్నిస్తాను.

మొదట “రెండు ప్రాణాల” సంగతి చూద్దాం. ఎనిమిదో వారంలో పిండం పొడవు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు. అంటే చింతగింజంత. బరువు ఒక గ్రాము అటూ ఇటూ. మొదటి మూడు నెలల్లో తల్లికి అదనపు ఆహారం దాదాపు అవసరం లేదని పోషకాహార నిపుణులు చెబుతారు. అదనపు అవసరం ఆ తరవాతి నెలల్లో వస్తుంది. అప్పటికి చాలామందికి ఆకలీ తిరిగి వస్తుంది. చింతగింజంత ప్రాణి పేరు చెప్పి నేను బొబ్బట్టు తినిపించాను. తొలి నెలల్లో తప్పనిసరి అయినది ఫోలిక్ ఆమ్లం మాత్ర. అంతకంటె ముఖ్యం, ఒంట్లో నీరు ఆరిపోకుండా చూసుకోవడం. ఇనుము మాత్ర కొందరికి వికారాన్ని పెంచుతుంది. మన దేశంలో దాన్ని సాధారణంగా నాలుగో నెల నుంచి మొదలుపెడతారు.

ఇక “మేమందరం పడలేదూ” అన్న మాట. గర్భిణుల్లో నూటికి డెబ్భై ఎనభై మందికి ఎంతో కొంత వికారం ఉంటుంది. ఐదారు వారాలకు మొదలై, తొమ్మిదో వారం ప్రాంతాల ముదిరి, చాలామందికి నాలుగో నెలకు తగ్గుముఖం పడుతుంది. అందరికీ వచ్చేదే అయినా అందరికీ ఒకే మోతాదులో రాదు. 2023 డిసెంబరులో ‘నేచర్’ పత్రికలో వెలువడిన ఒక పరిశోధన దీనికి కారణం చెప్పింది. పిండం, మావి నుంచి జీడీఎఫ్15 అనే హార్మోను తల్లి రక్తంలోకి చేరి, మెదడు అడుగుభాగం మీద పనిచేసి వికారం పుట్టిస్తుందట. గర్భానికి ముందు తమ ఒంట్లో ఆ హార్మోను తక్కువగా ఉన్నవారికి దాని దెబ్బ గట్టిగా తగులుతుంది. ఈ పరిశోధకుల్లో ఒకరైన మార్లీనా ఫెజో 1999లో తీవ్రమైన వేవిళ్లతో తన గర్భాన్నే పోగొట్టుకున్న మనిషి. కాబట్టి నేను పడ్డది, నా కోడలు పడ్డది ఒకటే పేరున్న రెండు వేరువేరు బాధలు. నా ఓర్పు గొప్పదీ కాదు, ఆమె ఓర్పు తక్కువదీ కాదు.

పూర్వం అందరూ తట్టుకున్నారనే వాదంలో మరో లోపం ఉంది. తట్టుకోలేనివారు వచ్చి సాక్ష్యం చెప్పరు. ‘జేన్ ఐర్’ రాసిన షార్లెట్ బ్రాంటీ 1855లో, పెళ్లయిన ఏడాది తిరగకముందే, గర్భిణిగా ఎడతెగని వాంతులతో చిక్కి కన్నుమూసింది. మరణపత్రంలో క్షయ అని రాశారు. వేవిళ్లే ఆమెను తీసుకుపోయి ఉంటాయని తరవాతి కాలంలో చాలామంది అభిప్రాయపడ్డారు. మన పల్లెల్లో అలా పోయినవారికి మరణపత్రమూ లేదు, జీవితచరిత్రా లేదు.

అలాగని పాత కాలాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. నిజానికి పాతవారికి నా కంటె బాగా తెలుసు. ఆయుర్వేదం గర్భిణిని దౌహృదిని అన్నది. తనదొకటి, బిడ్డదొకటి, రెండు హృదయాలు కలది అని అర్థం. ఆమె కోరికను తోసిపుచ్చరాదని చరక, సుశ్రుత సంహితలు రెండూ చెబుతాయి. కోరినది అపథ్యమైనా, కోరిక మరీ బలంగా ఉంటే, హితమైనదానితో కలిపి ఇమ్మంటాడు చరకుడు. గర్భిణి కోరికకు మరో పేరు దోహదం. కావ్యాలలో చెట్లను పూయించే ఉపచారానికీ అదే పేరు. ఇవాళ మనం “దోహదం చేయడం” అంటే తోడ్పడటం అనుకుంటున్నాము. కోరిక అనే అర్థం జారిపోయి తోడ్పాటు మిగిలింది. నేను చేసిన పొరపాటూ అదే. ఆమె కోరిక ఏమిటో అడగకుండా తోడ్పడబోయాను.

‘రఘువంశం’ మూడో సర్గ చదివినవారికి దిలీపుడు గుర్తుండే ఉంటాడు. సుదక్షిణ గర్భవతి అయినప్పుడు, ఆమె సిగ్గుతో తనకు నోరు విప్పి చెప్పదని ఎరిగి, ఏమేమి కోరుతున్నదని ఆయన చెలికత్తెలను మాటిమాటికీ అడిగి తెలుసుకుంటాడు. కోసల దేశపు రాజు! నేను ముప్పై ఏళ్ల కిందట ఆ ఘట్టాన్ని అలంకారాల కోసం చదివాను. మా ఇంట్లో ఆ ప్రశ్న ఆస్పత్రి మంచం పక్కన గానీ పుట్టలేదు.

అన్నిటికంటె సిగ్గుపడవలసింది ఇంకొకటి ఉంది. నా తొలిచూలులో మా అత్తగారింట్లో అన్నం వార్చేటప్పుడు వచ్చే గంజి వాసనకు నా ప్రాణం పోయేది. చెబితే ఏమనుకుంటారో అని చెప్పలేదు. మా పెద్దత్తయ్య కనిపెట్టి, ఎవరూ చూడకుండా నా చీరకొంగున మరమరాలు మూటగట్టి, “మంచం దిగకముందు నాలుగు నమలవే” అని చెవిలో చెప్పింది. ఆ మరమరాల మీదే నెలన్నర బతికాను. అంత మేలు ఎలా మరిచిపోయాను? అత్తగారి పీట ఎక్కగానే కోడలి కొంగు గుర్తుండదు కాబోలు.

పెద్దత్తయ్య చెప్పిన మాటే డాక్టరమ్మ కూడా చెప్పింది. లేచీ లేవగానే పొడిగా ఏదైనా కాస్త నమిలి, పావుగంట ఆగి లేవాలి. మరమరాలు, పేలాలు, వేయించిన అటుకులు, రస్కు, ఉప్పు బిస్కట్లు, ఏదైనా సరే. ఖాళీ కడుపు వికారం పెంచుతుంది; బరువెక్కిన కడుపూ పెంచుతుంది. అందుకని గంటన్నరకో రెండు గంటలకో గుప్పెడు తింటే చాలు. నీళ్లు అన్నంతో పాటు కాక విడిగా, గుక్క గుక్కగా తాగాలి. వేడి పదార్థానికి వాసన ఎక్కువ, చల్లారినదానికి తక్కువ. నూనె, నెయ్యి, కారం తగ్గించాలి. శనగలు, పెరుగు, పెసరపప్పు వంటి మాంసకృత్తులు ఉన్నవి ఏ కాస్త నిలిచినా మేలు. అల్లానికి అధ్యయనాల మద్దతు కూడా ఉంది. రోజంతటికీ కలిపి సుమారు ఒక గ్రాము శొంఠిపొడి కొందరికి వికారం తగ్గిస్తుంది. అల్లం వాసనే పడనివారికి అదీ లేదు. వాంతి అయిన వెంటనే పళ్లు తోముకోకుండా, నీళ్లతో పుక్కిలించి కొంతసేపు ఆగాలి. లేకపోతే పుల్లటి ఆమ్లానికి మెత్తబడిన పళ్లు అరిగిపోతాయి.

ఆస్పత్రి నుంచి వచ్చాక నేను పాల లెక్క రాసే పుస్తకంలో కొత్త లెక్క మొదలుపెట్టాను. పెట్టినది కాదు, నిలిచినది రాసుకున్నాను. చట్నీ లేని చల్లారిన ఇడ్లీ నిలిచింది. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ పది రోజులు నిలిచి, పదకొండో రోజు ఎదురు తిరిగింది. పుచ్చకాయ ముక్కలు, నిమ్మకాయ నీళ్లు, పుట్నాలు, పచ్చిమామిడి ముక్కలు నిలిచాయి. పాలు, తోటకూర, కాఫీ వాసన ఆ దరిదాపులకు రాకూడదు. ఒకనాడు బండి మీది పానీపూరీ కావాలన్నది. బయటి నీళ్లకు భయపడి, కాచి చల్లార్చిన నీళ్లలో చింతపండు, పుదీనా కలిపి ఇంట్లోనే చేసి ఇచ్చాను. చరకుడు సంతోషించి ఉంటాడు. పోపులన్నీ ఆమె మేడ మీద ఉన్న వేళలకు మార్చాను. రెండు నెలలు మా ఇంట్లో ఇంగువ వాసన లేదు. ఎవరి ప్రాణమూ పోలేదు.

అయితే తిండితో తీరని ఘట్టం ఒకటి ఉంటుంది. అది గుర్తించకపోతే ఈ మాటలన్నీ దండగ. రోజంతా నీళ్లయినా నిలవకపోవడం, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోవడం, వచ్చినా బాగా ముదురు రంగులో ఉండటం, నిలబడితే కళ్లు తిరగడం, గర్భానికి ముందున్న బరువులో నూటికి ఐదు పాళ్లకు మించి తగ్గడం, వాంతిలో రక్తం, జ్వరం, కడుపునొప్పి, వీటిలో ఏది కనిపించినా వంటిల్లు వదిలి ఆస్పత్రికి పోవాలి. నేను చేసినట్టు మర్నాటిదాకా ఆగకూడదు.

మందు అనగానే పెద్దవారికి భయం. ఆ భయం ఊరికే రాలేదు. థాలిడొమైడ్ మిగిల్చిన గాయం అది. 1961లో ఆ మందును వెనక్కి తీసుకునేలోగా వేల మంది శిశువులు అవకరాలతో పుట్టారు. కానీ ఆ నీడ ఒక మంచి మందు మీద కూడా పడింది. బి6 విటమిన్, డాక్సిలమైన్ కలిసిన మాత్ర అమెరికాలో 1956 నుంచి వాడుకలో ఉండేది. వ్యాజ్యాల తాకిడికి 1983లో తయారీదారు దాన్ని ఆపేశాడు. అవకరాల ఆరోపణకు ఆధారం దొరకలేదు. 2013లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ అదే కలయికకు మళ్లీ అనుమతి ఇచ్చింది. నడుమ ముప్పై ఏళ్లపాటు అక్కడి స్త్రీలు భయం వల్ల బాధపడ్డారు. డాక్టరు రాసిచ్చిన మాత్రను “ఈ నెలల్లో మందులేమిటి” అని అటక మీద పెట్టే అత్తగార్లు, అమ్మలు ఈ కథ తెలుసుకోవాలి.

మనకు ప్రేమను చెప్పే మాట “తిను” ఒక్కటే వచ్చు. పలకరింపు కూడా “అన్నం తిన్నావా” అనే. ఆ మాట మానమని నేను అనను. వేవిళ్ల ఇంట్లో మాత్రం ఆ మాటకు ముందు “ఏది తినగలవు?” అని అడగాలి, వచ్చిన జవాబు వింతగా ఉన్నా నమ్మాలి, ఇవాళ నిలిచినది రేపు నిలవకపోతే చిన్నబుచ్చుకోకూడదు.

కార్తిక మాసం చివర మనవరాలు పుట్టింది. కోడలు ఇప్పుడు నా ఇంగువ పోపు మెచ్చుకుంటూనే తింటున్నది. బొబ్బట్టు మాత్రం ఈ ఉగాదికి కూడా ముట్టలేదు. నేను బలవంతపెట్టలేదు. ఉగాది పచ్చడి గిన్నె ఆమె వైపు జరిపాను.