పిచ్చుకల్ని తరిమింది టవర్ కాదు, నా జీతం

మార్చి 20 వస్తోందంటే నాకు చిరాకు మొదలవుతుంది. ఆ రోజు ప్రపంచ పిచ్చుకల దినం. పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో, కాలేజీ గ్రూపులో, ఆఖరికి ఆఫీసు టీమ్ గ్రూపులో కూడా ఒకటే ఫార్వర్డ్: "సెల్ టవర్ల రేడియేషన్ వల్ల పిచ్చుకలు అంతరించిపోయాయి". కింద వరసగా ఏడుపు బొమ్మలు. అది పంపింది సెల్‌ఫోన్ నుంచే అన్న సంగతి వదిలెయ్యండి :). 2018లో రజనీకాంత్ '2.0' సినిమా వచ్చాక ఈ మాటకి ఇక తిరుగులేకుండా పోయింది.

ఈ మాటతో నాకు పేచీ ఉంది. ఎందుకంటే మా ఇంట్లో పిచ్చుకలు పోయింది టవర్ వల్ల కాదు, నా వల్ల.

మాది దేవరకొండ పక్కన ఓ పల్లెటూరు. అక్కడ్నుంచి కల్వకుర్తి వైపు కాస్త పోతే ఒకప్పటి పాలమూరు జిల్లా వచ్చేస్తుంది. రెండు వైపులా అదే మెట్ట నేల, అవే రాళ్ళ గుట్టలు. మాది గూనపెంకల ఇల్లు. వాసాల సందుల్లో పిచ్చుక గూళ్ళు ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు. నాయనమ్మ చేటలో జొన్నలు చెరుగుతుంటే ఆమె కాళ్ళ దగ్గరే తిరిగేవి. గోడకున్న అద్దంలో తమ బొమ్మ చూసుకుని దాన్నే పొడిచేవి. "ఉష్" అని తోలడం ఇంట్లో అందరికీ ఒక పని.

ఇప్పుడు తేదీలు చూడండి. మా ఊళ్ళో టవర్ లేచింది 2007లో, నేను ఐదో క్లాసులో ఉండగా. మా ఇంటి నుంచి రెండొందల అడుగులు కూడా ఉండదు. 2020 లాక్‌డౌన్‌లో నేను ఇంటి నుంచి పనిచేస్తున్నప్పుడు, పొద్దున మీటింగ్‌లో మా మేనేజర్ "వెనకాల ఆ గోలేంటి?" అని అడిగాడు. పిచ్చుకలు! అంటే టవర్ నీడలో పదమూడేళ్ళు అవి నిక్షేపంగా కాపురం చేశాయి.

2021లో నేను లోన్ తీసుకుని ఆ ఇల్లు కూల్పించాను. స్లాబు వేశాం. కిటికీలకి అద్దాలు, అద్దాల వెనక దోమల జాలీ. పెరడంతా షాబాదు బండలు పరిపించాం. నాయనమ్మ ఏదో గొణిగితే "ఇంకెన్నాళ్ళు ఈ మట్టిలో" అన్నది నేనే. 2022 సంక్రాంతికి పోతే వసారాలో ఒక్క పిచ్చుక లేదు. ఏసీ డబ్బా మీద మాత్రం పావురాలు ఉన్నాయి. టవర్ ఎక్కడున్నది అక్కడే ఉంది, దాని మీద కాకి గూడుతో సహా.

మనమంతా సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా. నిన్నటిదాకా నడిచిన సిస్టమ్ ఇవాళ పడిపోతే ముందు ఏం అడుగుతాం? "కొత్తగా ఏం డిప్లాయ్ చేశారు?" అనే కదా. పదమూడేళ్ళుగా నడుస్తున్న సర్వర్ మీద నింద వేసి, నిన్న రాత్రి ఎక్కించిన కోడ్ వదిలేసే ఇంజనీర్‌ని మీ టీమ్‌లో ఉంచుకుంటారా?

"ఒక్క ఇల్లు చూసి తీర్పు చెప్తావా" అంటారా? న్యాయమైన ప్రశ్న. పెద్ద లెక్కలే చూద్దాం. బ్రిటన్‌లో పిచ్చుకల పతనం 1970ల చివర్లో మొదలైంది. అక్కడ మొబైల్ ఫోన్ సేవలు వచ్చింది 1985లో. మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ కాల్ 1995లో. ఇక వేలమంది పక్షి ప్రేమికులు నమోదు చేసిన లెక్కలతో 2020లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక ఏమందంటే, గత పాతికేళ్ళలో దేశం మొత్తం మీద ఊరపిచ్చుక సంఖ్య దాదాపు నిలకడగానే ఉంది, కానీ హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో తగ్గుతూ వచ్చింది. "అంతరించిపోయాయి" అన్నది అబద్ధం. "మన మధ్యనుంచి పోయాయి" అన్నది నిజం. రెండింటికీ తేడా ఉంది.

రేడియేషన్ మీద పరిశోధన వద్దని నేననట్లేదు. చెయ్యనివ్వండి. నా కోపం రేడియేషన్ మీద కాదు, ఆ మాట మనకిచ్చే సౌకర్యం మీద. తప్పు టవర్‌దైతే నేను చెయ్యాల్సిందేమీ లేదు కదా! ఫార్వర్డ్ కొట్టి, ఆఫీసులో పంచిన చెక్క గూడు పన్నెండో అంతస్తు బాల్కనీలో తగిలిస్తే బాధ్యత తీరిపోయింది.

పిచ్చుకకి కావలసింది చాలా చిన్న జాబితా. గూటికి ఒక సందు, తినడానికి గింజ, పిల్లలకి పురుగులు. చాలామందికి తెలియని సంగతేంటంటే గింజలు తినే పిచ్చుక కూడా గూట్లో పిల్లల్ని పురుగులతోనే సాకుతుంది. సందు నేను స్లాబుతో మూసేశాను. మా చేలో ఒకప్పుడు జొన్న, సజ్జ. ఇప్పుడు పత్తి. పత్తి చేలో పిచ్చుకకి గింజ దొరకదు, మందు కొట్టాక పురుగూ మిగలదు. ఇందులో టవర్ ప్రమేయం ఎక్కడుంది?

అసలు దోషిని పట్టుకోవడం ఎంత ముఖ్యమో రాబందులు చెప్తాయి. 1990ల్లో అవి కుప్పకూలుతుంటే ఏదో తెగులన్నారు. చివరికి 2004లో తేలింది, పశువులకిచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కారణమని. ఆ మందు పడ్డ పశువు చచ్చాక, ఆ కళేబరం తిన్న రాబందు కిడ్నీలు పాడై చచ్చేది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. ఎన్ని పక్షులు తగ్గాయో ఏటేటా రాసిపెట్టినవాళ్ళు ఉన్నారు కాబట్టి, చచ్చిన పక్షుల్ని కోసి చూసినవాళ్ళు ఉన్నారు కాబట్టి అది తేలింది.

ఇంకో మాట. పక్షులన్నీ తగ్గిపోతున్నాయన్నది కూడా తప్పే. మా చేలల్లో నా చిన్నప్పుడు నెమలి కనిపిస్తే వింత. ఇప్పుడు విత్తనం వేస్తే కాపలా ఉండాలి. 2023 నివేదిక కూడా దేశంలో నెమళ్ళు బాగా పెరిగాయనే చెప్తోంది. అదే నివేదిక తగ్గుతున్నదని హెచ్చరించిన పక్షి ఏదో తెలుసా? పాలపిట్ట. మన తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరా రోజు చూస్తే మంచిదని, పంజరంలో పెట్టి తెచ్చినవాడికి డబ్బులిచ్చి మరీ చూస్తాం. దాని మీద నాకు ఇంతవరకు ఒక్క ఫార్వర్డ్ రాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మా పెరట్లో పాత పశువుల కొట్టం ఒకటి మిగిలింది. పశువుల్లేవు, పెంకలు సగం జారిపోయాయి. పోయిన సంక్రాంతికి పోయినప్పుడు పావుగంట కూర్చుని లెక్కపెట్టాను. దాని చూరులో నాలుగు పిచ్చుకలు. మా ఇంటి పిచ్చుకల సంతానంలో మిగిలినవి అవేనేమో. ఈ ఎండాకాలం ఆ కొట్టం కూల్చి కారు షెడ్డు కట్టాలని నాయిన ప్లాను. కారు నాది, డబ్బులూ నావే. "వద్దు నాయినా, ఉండనియ్" అంటే ఫోన్లో కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇల్లు కూలగొట్టినప్పుడు యాదికి రాలేదారా పిట్టలు?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. కొట్టం మాత్రం ఉంటుంది. కారు ఎండలో ఎండనీ.

ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు మీరూ ఒక పావుగంట పెరట్లో కూర్చోండి. ఏ పిట్టలు, ఎన్ని అని తేదీ వేసి రాయండి. ఒక్కటీ లేకపోతే సున్నా అని రాయండి, సున్నా కూడా లెక్కే. వచ్చే ఏడు మళ్ళీ అదే చోట, అదే వేళకి. ఆ తర్వాత ఇంట్లో ఏమేం మారిందో పక్కన రాసుకోండి. టవర్‌ని తిట్టాలంటే అప్పుడు తిడదాం.

ఏమంటారు?