కాలేయపు కొవ్వు, రక్తంలో కొలెస్ట్రాల్‌పై తీర్మానం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వైద్యులు, ఆరోగ్య కార్యకర్తల ఉమ్మడి సమావేశం ఈ కింది తీర్మానాన్ని ఆమోదించింది.

ఈ సమావేశం గమనించినదేమనగా, కాలేయానికి కొవ్వు పట్టినవారి మరణాలకు మొదటి కారణం గుండె, రక్తనాళాల జబ్బులే. ట్రైగ్లిజరైడ్లు 150 లేదా ఆపైన ఉండటం, మంచి కొలెస్ట్రాల్ మగవారిలో 40, ఆడవారిలో 50 లోపుకు పడిపోవడం ఈ జబ్బు వెంట తరచు కనిపిస్తాయి. 2023లో అంతర్జాతీయ వైద్య సంఘాలు జబ్బును కొత్తగా నిర్వచిస్తూ ఈ అంకెలను ప్రమాణాల్లో చేర్చాయి.

ఇంకా గమనించినదేమనగా, కాలేయం ఏ స్థితికి చేరుతుందో తేల్చేది అందులో పేరుకున్న మచ్చ, అంటే ఫైబ్రోసిస్. ఆ మచ్చ పెరిగి వచ్చే సిర్రోసిస్ ముదిరితే కాలేయం కొలెస్ట్రాల్‌ను తగినంత తయారుచేయలేదు, రక్తంలో అంకె దానంతటదే తగ్గుతుంది. ఆ తగ్గుదల చూసి జబ్బు నయమవుతోందనుకోవడం ప్రాణాంతకం.

ఈ సమావేశం విచారిస్తున్నదేమనగా, కాలేయ ఎంజైము ఎస్‌జీపీటీ కాస్త పెరిగిందని గుండె కోసం రాసిన కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు సొంతంగా ఆపేసి పసరు మందులకు, లివర్ టానిక్కులకు మళ్లుతున్నవారు ఉన్నారు. కాలేయపు కొవ్వు గానీ, ఎంజైముల స్వల్ప పెరుగుదల గానీ స్టాటిన్‌కు అడ్డు కాదు. మూత్రపిండాల జబ్బు ఇంతకుముందే పీడిస్తున్న కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఏమున్నదో తెలియని మందు మరింత చేటు.

మరింత విచారిస్తున్నదేమనగా, మద్యం ముట్టనివారికి కాలేయ జబ్బు రాదన్న నమ్మకం బలంగా ఉంది. స్కానింగ్ కాగితంపై ‘గ్రేడ్-1 ఫ్యాటీ లివర్’ అన్న వరుస చదివి, మడిచి బీరువాలో పెట్టేస్తున్నారు.

ఈ సమావేశం తీర్మానించినదేమనగా, 2021లోనే కేంద్రం ఈ జబ్బును అసాంక్రమిక వ్యాధుల జాతీయ కార్యక్రమంలో చేర్చినందున, 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్ చూసేటప్పుడే నడుము కూడా కొలవాలి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే లిపిడ్ పరీక్ష చేయించి, కాలేయంలోని మచ్చను అంచనా వేసే ఫిబ్-4 లెక్క కట్టాలి. దీనికి వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్ల సంఖ్య చాలు, కొత్త యంత్రం అక్కర్లేదు. లెక్క 1.3 దాటితే, 65 ఏళ్లు పైబడినవారికి 2 దాటితే, వారి జిల్లా ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి పంపాలి.

ఇంకా తీర్మానించినదేమనగా, స్థూలకాయం ఉన్నవారు శరీర బరువులో 7 నుంచి 10 శాతం తగ్గడమే చికిత్సకు పునాదిగా చెప్పాలి. కూల్‌డ్రింకులు మాన్పించాలి, కంచంలో అన్నం తగ్గించి కూర, పప్పు పెంచేలా చూడాలి. మూత్రపిండాల రోగులకు మాత్రం ఆహారం వైద్యుడే నిర్ణయించాలి.

ఈ తీర్మానం ప్రతులను రెండు జిల్లాల వైద్య ఆరోగ్య శాఖాధికారులకు పంపాలని సమావేశం ఆదేశించింది.