గీత చెప్పే మాట తల్లికి తెలియాలి

ఆసుపత్రి గోడల మీద, కార్డుల్లో మనకు ఎన్నో గ్రాఫులు కనబడుతుంటాయి. అవి డాక్టర్ల కోసమేనని చాలామంది అనుకుంటారు. నర్సులుగా మేము అలా అనుకోము. రోగికి, ఇంటివారికి అర్థం కాని గ్రాఫు సగం పనే చేస్తుంది.

ఫ్లోరెన్స్ నైటింగేల్ ఈ సంగతి బాగా ఎరుగుదురు. క్రిమియా యుద్ధంలో సైనికుల మరణాలను అంకెల పట్టికలతో సరిపెట్టక, 1858లో నెలకొక ముక్క చొప్పున గుండ్రని బొమ్మగా ముద్రించారు. గాయాలతో పోయినవారికి ఎరుపు, నివారించగల వ్యాధులతో పోయినవారికి నీలం, ఇతర కారణాలకు నలుపు. తూటాల కంటే వ్యాధులే ఎక్కువమందిని బలిగొన్నాయని ఆ నీలం రంగు చూడగానే తెలిసిపోతుంది.

మన ఇళ్ళలో ఉండే ఉదాహరణ మాతా శిశు సంరక్షణ కార్డు. అందులోని ఎదుగుదల చార్టులో అడుగున బిడ్డ వయసు, పక్కన బరువు ఉంటాయి. ఆకుపచ్చ పట్టీ అంటే తగిన బరువు, పసుపు అంటే తక్కువ, నారింజ అంటే మరీ తక్కువ. అయితే రంగు ఒక్కటే చూస్తే చాలదు. నెలనెలా పెట్టిన చుక్కలను కలిపే గీత పైకి పోతుండాలి. ఆకుపచ్చలోనే ఉన్నా గీత అడ్డంగా సాగితే బిడ్డ బరువు పెరగడం లేదన్నమాట. కిందికి దిగితే ఇంకా ప్రమాదం. ఆలస్యం చేయక బిడ్డను చూపించాలి. కార్డు జిరాక్స్ తీస్తే రంగులు పోతాయి కనుక పట్టీల మీద పేర్లు కూడా రాసి ఉండాలని మా అభిప్రాయం.

మరో సంగతి. ఒకరికి హిమోగ్లోబిన్ 10 గ్రాములు, మరొకరికి 12 గ్రాములు ఉన్నాయనుకోండి. బొమ్మలోని నిలువు కడ్డీలను సున్నా నుండి కాక 9 నుండి మొదలుపెడితే రెండోది మూడింతలు పొడవుగా కనబడుతుంది. అది చూసేవారిని మోసగించడమే. జ్వరం చార్టు వేరు. అందులో గీతను సున్నా నుండి మొదలుపెడితే 98.6కు, 102 డిగ్రీలకు మధ్య తేడా కంటికి ఆనదు.

కనుక గ్రాఫు తయారుచేసేవారు ఒక బొమ్మలో ఒకే సంగతి చెప్పాలి. కొలత ఏమిటో రాయాలి. అచ్చుకు ఇవ్వకముందు ఒక తల్లికి చూపి, "ఇందులో మీకేం తెలిసిందమ్మా?" అని అడగాలి. ఆమె చెప్పలేకపోతే మార్చవలసింది బొమ్మనే.

తల్లులారా, బిడ్డను తూచిన ప్రతిసారీ చార్టులో చుక్క పెట్టించుకోండి. గీత ఎటు పోతోందో సిస్టరును అడగండి. మొహమాటపడవద్దు.